కొల్లేటి గట్ల మీద

తెల్లవారుజామున కైకలూరు స్టేషన్లో బండి తలుపు తీయగానే ఒక వాసన ముఖానికి తగులుతుంది. కుళ్ళుతున్న గుర్రపుడెక్క, తడిసిన నల్లమట్టి, ఎక్కడో చాపల మీద ఆరేసిన ఎండుచేప, ఈ మూడూ కలిసిన వాసన అది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. కొల్లేటి దగ్గర పెరిగినవాళ్ళు మాత్రం ఒకసారి గట్టిగా పీల్చి, నీళ్ళు ఎక్కువున్నాయో తక్కువున్నాయో చెప్పేస్తారు. మట్టివాసన ముందుంటే నీరు తీసింది. ఆకు కుళ్ళిన వాసన ముందుంటే నీరు నిలిచింది. ఈ సంక్రాంతి ముందు మళ్ళీ ఆ వాసన తగిలింది. దాని వెంటే పాత నడకదారులు ఒక్కొక్కటీ కళ్ళముందుకొచ్చాయి.

దారులంటే రోడ్లు కావు. కొల్లేట్లో నీళ్ళు ఎంత జాగా వదిలితే అంతే దారి.

సరస్సు స్వభావం అలాంటిది. అటు గోదావరి డెల్టా, ఇటు కృష్ణా డెల్టా, రెంటి మధ్యా పళ్ళెంలా లోతు తక్కువగా ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్ళు, వాటితో పాటు రెండు డెల్టాల మురుగు కాలువల నీళ్ళూ వచ్చి చేరేది ఇక్కడికే. బయటికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. అది సుమారు అరవై కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. లోపలికి వచ్చే దారులు అన్ని, బయటికి పోయే దారి ఒక్కటి. అందుకే వానలకి కొల్లేరు లేవడం వేగం, దిగడం నెమ్మది. ఇక్కడి లెక్కలు అడుగుల కాంటూరులో, అంటే సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు దాకా నీరుందో దాన్ని బట్టి చెబుతారు. అయిదో కాంటూరు దాకా నీరుంటే 308 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరు దాకా ఎక్కితే 901. పళ్ళెం అంచు అంత పల్చన కాబట్టే నీరు అడుగు పెరిగితే మైళ్ళకొద్దీ నేల మునుగుతుంది, అడుగు తగ్గితే మైళ్ళకొద్దీ నేల తేలుతుంది. అందుకే నిన్నటి దారి ఇవాళ ఉండకపోవచ్చు.

నడవడానికి బయల్దేరే ముందు ఏలూరు–కైకలూరు రోడ్డు మీద పెదయడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతుందో అడగడం పాత అలవాటు. ఇప్పటికీ అంతకంటే మంచి పద్ధతి లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీళ్ళు ఆ తర్వాత చేరింది కొల్లేటికే. ఎగువన వాన వెలిసి ఎండ కాసినా ఇక్కడ నీరు ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి తెలియక, ఆకాశం తేటగా ఉంది కదా అని వచ్చి రోడ్డు మీద నీళ్ళు చూసి వెనక్కి తిరిగినవాళ్ళు ఎందరో.

వేసవి దారులు

ఎండాకాలం కొల్లేరు బాగా తీసినప్పుడు లంక నుంచి లంకకి కాలిబాటలు పడేవి. గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, కోమటిలంక, పెంచికలమర్రు, అన్నీ నీళ్ళ మధ్య దిబ్బల మీది ఊళ్ళు. శీతాకాలమంతా దోనెల మీద తిరిగిన మనుషులు ఆ రెండు మూడు నెలలూ కాళ్ళకి పనిచెప్పేవాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో గేదెల మందలు దిగేవి. మెడగంటల చప్పుడు, తుంగదుబ్బులు పరపరా మేస్తున్న చప్పుడు, పైన ఎక్కడో తీతువు అరుపు. మిట్టమధ్యాహ్నం అయితే ఆ తీతువు అరుపు ఒక్కటే.

ఆ దారుల్లో నడవడానికి ఒక చదువు కావాలి. నెర్రెలు విచ్చిన నేల చూస్తే భయమేస్తుంది గానీ అదే గట్టి నేల. బెత్తెడు వెడల్పు నెర్రె ఉందంటే లోపలి తడి చాలావరకు ఆరిపోయిందని అర్థం. నున్నగా, అద్దంలా మెరుస్తున్న చోటే మోసం. పైన అంగుళం మందాన అట్ట కట్టి కింద మోకాలి లోతు బురద ఉంటుంది. అడుగు వేసేముందు కర్రతో పొడిచి చూడాలి. కర్ర ఠక్కుమంటే కాలు పెట్టొచ్చు, మెత్తగా దిగబడితే పక్కకి తప్పుకోవాలి. కుంటలకి, పాత కాలువలకి దగ్గరగా పోకుండా బాట ఎంత వంకర తిరిగినా దాని వెంటే పోవాలి. అడ్డదారి చూసుకున్నవాడే దిగబడతాడు.

దిగబడితే కాలు నిలువునా పైకి లాగకూడదు. ఒక కాలు లాగే బలమంతా రెండో కాలి మీద పడి అది ఇంకా లోతుకి పోతుంది. పెద్దవాళ్ళు చెప్పే పద్ధతి ఇది. కర్రని అడ్డంగా పడేసి దాని మీద చేతులు వేసి ఒరగాలి, మడమని అటూ ఇటూ కదిలించి గాలి పోనివ్వాలి, ఆ తర్వాత కాలు ఏటవాలుగా లాక్కోవాలి. చెప్పు లోపల ఉండిపోతే ముందు మనిషి బయటపడాలి, చెప్పు సంగతి తర్వాత.

ఆ బాటలు ఇప్పుడు దాదాపు లేవు. 1970ల మధ్యలో సహకార సంఘాలకని చేపల చెరువులు మొదలయ్యాయి. తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు. కొల్లేరంతా గళ్ళ చీరలా చెరువు పక్కన చెరువు అయిపోయింది. నీరు పారే దారికి అడ్డంగా గట్లు లేచాయి. 1999లో అయిదో కాంటూరు దాకా పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్సార్ జాబితాలో పేరెక్కింది. 2006లో చెరువుల గట్లు పేల్చి, తవ్వి, నేలమట్టం చేశారు. ఆ నెలల్లో లంకల్లో బతుకు పోయిందని ఏడ్చినవాళ్ళు ఉన్నారు, నీరు మళ్ళీ పారిందని సంతోషించినవాళ్ళు ఉన్నారు. రెండూ నిజమే. తర్వాత చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

దోనె

నడక దారి తెగిన చోట దోనె ఉండేది. తాటిమాను మొదలు వైపు లావుగా ఉన్న ముక్కని నిలువునా చీల్చి, లోపలి మెత్తని పీచంతా తొలిచేస్తే దోనె. ఒక్కటి వేస్తే ఒకరో ఇద్దరో పడతారు. రెండు దోనెలు పక్కపక్కన కట్టి పైన కర్రలు పరిస్తే సంగడి. దాని మీద బస్తాలూ, పిల్లలూ, మేకలూ అన్నీ దాటేవి. పని లేనప్పుడు దోనెని ఒడ్డున ఎండలో వదిలేవాళ్ళు కారు. నీళ్ళలో ముంచి ఉంచేవాళ్ళు. ఎండ తగిలితే తాటిమాను నిలువునా పగులుతుంది.

ఎక్కడానికి కూడా ఒక వరస ఉంది. గట్టు మీద నుంచి దూకకూడదు. ముందు గెడ పట్టుకున్న మనిషి వెనక కొసన నిలబడి దోనెని నిలకడ చేస్తాడు. ఎక్కేవాడు సరిగ్గా మధ్యలో పాదం పెట్టి వెంటనే చతికిలబడాలి. రెండు చేతులూ అంచుల మీద ఆనించాలి గానీ వేళ్ళు బయటికి వేలాడేయకూడదు, పక్క దోనె తగిలితే నలుగుతాయి. పిట్టని చూసి చటుక్కున పక్కకి ఒరిగితే అంతే. దోనె బోర్లా పడేది లోతు నీళ్ళలో కన్నా ఒడ్డు దగ్గరే ఎక్కువ, దిగే తొందరలో.

గెడ దించినప్పుడల్లా ఒక చప్పుడు వచ్చేది. బురదలో దిగేటప్పుడు మెత్తని చప్పుడు, లాగేటప్పుడు చిన్న బుడుంగు. దానికి ముందు కలువాకులు రెండు పక్కలకి తప్పుకునే సరసర. తామరాకుల మీద పొడుగు వేళ్ళ పిట్టలు పరిగెత్తేవి. కిక్కిస దుబ్బుల్లోంచి నీలం బొల్లికోడి తోక ఎగరేస్తూ బయటికొచ్చి, దోనె చూసి మళ్ళీ లోపలికి పోయేది. చేపలు పట్టే మావులు ఎత్తే వేళ అది. వెదురు బద్దల మావులో ఇంగిలాయిలు, గొరకలు, మార్పులు, అదృష్టం బాగుంటే ఒక కొరమేను. గొరకని తీసేటప్పుడు దవడ పక్క ముల్లు గుచ్చుకోకుండా తల వెనక నుంచి అరచేత్తో అదిమి పట్టేవాళ్ళు.

ఇప్పుడు ఫైబర్ పడవలు, ఇనుప పడవలు. వాటికి పగుళ్ళ బాధ లేదు. గెడ చప్పుడు బదులు మోటారు చప్పుడు.

గట్టు ఎలా నడవాలి

కొల్లేటి చుట్టుపక్కల ఇవాళ సులువుగా నడవదగినవి గట్లే. ఎక్కడా ఎత్తు ఉండదు, ఊపిరి ఎగదన్నే పని లేదు. పిల్లలూ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళూ కూడా గంటకి రెండు మూడు కిలోమీటర్లు హాయిగా పోగలరు. అయినా గట్టుని తేలిగ్గా తీసుకోకూడదు.

నల్లమట్టి కదా, వాన పడ్డాక రెండు మంచి ఎండలు కాసేదాకా ఆగాలి. తొందరపడితే పది అడుగులకి ఒక్కో చెప్పు కింద శేరు మట్టి అంటుకుంటుంది, కాలు మడతపడేది అప్పుడే. అంటిన మట్టిని గట్టు మధ్యలో రుద్దితే వదలదు. అంచున గడ్డి మీద పక్కలకి రాయాలి. వెనక పట్టీ ఉన్న చెప్పులు మంచివి. రబ్బరు బూట్లు బురదలో ఊడిపోతాయి, ఎండలో పాదాన్ని ఉడికిస్తాయి.

గట్టు మధ్య నడవాలి, అంచున కాదు. అంచు కింద పందికొక్కులూ ఎండ్రకాయలూ బొక్కలు చేసి ఉంటాయి. పైకి గడ్డి పచ్చగా కనిపిస్తుంది, కాలు వేస్తే పెళ్ళగా విరిగి నీళ్ళలోకి జారుతుంది. కొత్తగా ఎత్తిన గట్టు మీద పొడుగునా చీలిక కనిపిస్తే ఆ చీలికకి నీళ్ళవైపు అసలు అడుగు పెట్టకూడదు. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న చోట అది నేలేమో అనిపిస్తుంది. కుక్కపిల్లని కూడా మోయదు.

నీరుకట్టు పాములు విరివిగా కనిపిస్తాయి. వాటికి విషం లేదు, మన చప్పుడికి అవే నీళ్ళలోకి జారతాయి. భయపడాల్సింది గట్టు మీద కదలకుండా చుట్ట చుట్టుకుని పడుకునే రక్తపింజరకి. అందుకే గుబురు గడ్డి ఉన్నచోట కర్రతో ముందు నేల తట్టుకుంటూ పోవాలి, పొద్దు వాలాక గట్టు మీద ఉండకూడదు. జలగ పట్టుకుంటే పీకకుండా గోరుతో దాని మూతి దగ్గర పక్కకి నెడితే వదిలేస్తుంది.

చేపల చెరువుల గట్ల మీదికి కాపలామనిషిని అడగకుండా పోకూడదు. మర్యాద సంగతి ఒకటైతే, ప్రమాదం సంగతి మరొకటి. మోటార్ల కరెంటు వైర్లు నేల మీదే, గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. తడి గట్టు మీద అవి ప్రాణాంతకం. పక్షుల్ని తోలడానికి బాణసంచా కూడా పేలుస్తారు. ఆ చప్పుడుకి మనం ఉలిక్కిపడి కాలు జారకుండా చూసుకోవాలి.

ఎండ లెక్క కూడా చెప్పాలి. పొద్దున పూట తూర్పు నుంచి పడమరకి నడిస్తే వీపున వెలుగు, పిట్ట రంగు స్పష్టంగా కనిపిస్తుంది. ఎదురెండలో నడిస్తే అన్నీ నల్లని నీడలే, నీటికాకికీ కంకణాల పిట్టకీ తేడా తెలియదు. సాయంత్రం తిరగేసి నడవాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగిస్తే చాలు. మనిషికి లీటరు నీళ్ళు, మట్టిరంగు చొక్కా, తలకి గుడ్డ. తెల్ల చొక్కా వేసుకుంటే బాతులు రెండు వందల గజాల నుంచే లేచిపోతాయి.

ఆటపాక

కైకలూరు నుంచి రెండు కిలోమీటర్లు. అంత దూరం కూడా అక్కర్లేదు, గాలి ఇటు తిరిగితే ముందు వాసన వస్తుంది, తర్వాత చప్పుడు వినిపిస్తుంది. సుమారు 270 ఎకరాల చెరువు. అందులో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. పెద్ద గూడబాతు పెద్దగా అరవదు. అరుపంతా పిల్లలది. తల్లి నోట్లో తల మొత్తం దూర్చి తిండి లాక్కుంటూ చేసే ఆ గోలని ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోరు. ఎర్రకాళ్ళ కొంగల ముక్కులు టకటకలాడే చప్పుడు దాని మీద తాళంలా పడుతుంటుంది.

మొదట్లో ఇవి చెరువులోని తుమ్మచెట్ల మీద కట్టేవి. ఏళ్ళ తరబడి నీళ్ళలో నిలబడి, పైన రెట్టలు పడి పడి, చెట్లు ఎండిపోయాయి. చెట్టు పోతే గూడు పోతుంది. అందుకని అటవీశాఖ వాళ్ళు చెరువులో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. ఇనుము మీద పక్షి వాలుతుందా అని అప్పట్లో చాలామందికి అనుమానం. వాలాయి. పుల్లలు తెచ్చి వరసగా గూళ్ళు పేర్చుకున్నాయి. ఇప్పుడు దూరం నుంచి చూస్తే ఇనుము కనపడదు, తెల్లని పిండారబోసినట్టు పక్షులే.

ఇక్కడ గట్టు మీద నడక చాలా సులువు, వెడల్పు బాగుంటుంది. అయితే అనుమతి ఉన్నంత మేరకే పోవాలి. గూళ్ళ వైపు చేతులూపడం, చప్పట్లు కొట్టడం అస్సలు వద్దు. పెద్ద పక్షి ఉలిక్కిపడి లేచినప్పుడు దాని రెక్క తగిలి పిల్ల కింద పడుతుంది. పడిన పిల్లని తల్లి మళ్ళీ గూట్లోకి ఎక్కించుకోలేదు. ఒక్క ఫోటో కోసం అరిచినవాళ్ళకి ఇది తెలియదు, తెలిస్తే అరవరనే నమ్మకం.

చూడవలసిన ఘడియ ఒకటుంది. పొద్దున నేల కాస్త వేడెక్కాక, తొమ్మిది దాటిన వేళ, గూడబాతులు ఒక్కొక్కటే లేచి వేడిగాలిని పట్టుకుంటాయి. రెక్క కొట్టకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోయి, చుక్కలంత అయి, ఒకే దిక్కుకి జారిపోతాయి, మేతకి. అంత బరువైన పక్షి నీళ్ళ మీద నుంచి లేవడానికి రెండు కాళ్ళతో టపటపా పరిగెడుతుంది, ఆ తర్వాతంతా గాలి పనే.

జనవరిలో నీటిపక్షుల లెక్క జరిగే రోజుల్లో ఈ గట్ల మీద లెక్కపెట్టడం నేర్పేవాళ్ళు ఉండేవాళ్ళు. వేల పరజ పిట్టలు ఒక్కసారి లేస్తే ఎలా లెక్కపెడతారు? ముందు ఒక పది పక్షులు కంటితో పట్టుకోవాలి. ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో గుర్తుపెట్టుకుని, అలాంటి పది జాగాలు కొలిస్తే వంద. ఆ వందని గుంపు మీద పరుచుకుంటూ పోవాలి. తప్పు వచ్చేది ఎక్కడంటే గుంపు మధ్యలో, అక్కడ పిట్టలు దగ్గర దగ్గరగా ఉంటాయి, కొత్తవాళ్ళు తక్కువ రాస్తారు. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకునేవాళ్ళు. కాగితం మీద పెన్సిలుతోనే రాసేవాళ్ళు, మంచుకి సిరా పాకిపోతుంది.

కొల్లేటికోట

ఫాల్గుణ మాసంలో పాడ్యమి నుంచి పున్నమి దాకా పెద్దింట్లమ్మ జాతర. అప్పట్లో అమ్మవారి దగ్గరికి పడవల మీదే వచ్చేవాళ్ళు. రాత్రిపూట నీళ్ళ మీద లాంతర్ల వరస, దూరం నుంచి డప్పులు, పడవలో నిద్రపోయిన పిల్లల్ని భుజాన వేసుకుని దిగే ఆడవాళ్ళు. ఇవాళ చాలా మేరకు బండి మీద వచ్చేస్తారు. అయినా చివరి దూరం దిగి నడిస్తేనే ఊరు కనిపిస్తుంది. రెండు పక్కలా నీళ్ళు, కరెంటు తీగ మీద లకుముకి పిట్టలు, వలలు బాగుచేసుకునే మనుషులు. జాతర రోజుల్లో నడక కష్టం, పిట్టలూ ఉండవు. చూడాలనుకుంటే జాతరకి ముందు నెలలో రావడం మేలు.

ఈ కోట గజపతుల నాటిదని చెబుతారు. శత్రువులు నీళ్ళు దాటలేక, సరస్సుని సముద్రంలోకి తోడేయడానికి తవ్విన కాలువే ఉప్పుటేరు అని, గెలుపు కోసం ఒక సేనాని తన కూతురినే బలిచ్చాడని, అందుకే దానికి పేరంటాలకనుమ అని పేరు వచ్చిందని ఒక కథ. ముసలివాళ్ళు ఈ కథ చెబుతూ ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాళ్ళు.

ఉప్పుటేరు

గుడివాడ–భీమవరం రైలు కైకలూరు దాటి ఆకివీడు వెళ్ళేలోగా ఉప్పుటేరు మీద నుంచి పోతుంది. వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుంది, కిటికీ పక్కవాళ్ళు చిల్లర తీసి నీళ్ళలోకి విసిరేవాళ్ళు. ఆ ఏటిగట్టు నడక కొల్లేటి గట్టు నడకలా ఉండదు. సరస్సులో నీరు నిలబడి ఉంటుంది, ఇక్కడ ఎటో ఒకవైపు కదులుతుంటుంది. కిందికి పోయేకొద్దీ పోటు, పాటు తెలుస్తాయి. పోటు వేళ సముద్రపు నీరు ఎదురెక్కి వస్తుంది. వేసవిలో పైనుంచి వచ్చే మంచినీరు తగ్గినప్పుడు ఆ ఉప్పునీరు కొల్లేటి దాకా ఎగదన్నుతుంది. ఒకప్పుడు బల్లకట్టు నడిపేవాళ్ళు నీళ్ళు చేత్తో తీసుకుని నాలికకి రాసుకుని ఇవాళ ఉప్పెంత ఉందో చెప్పేవాళ్ళు.

గట్టు మీది మొక్కలు చూసినా తెలుస్తుంది. పై భాగంలో జమ్ము, కిక్కిస, తూటికాడ. సముద్రానికి దగ్గరపడేకొద్దీ అవి పలచబడి మడచెట్లు కనిపిస్తాయి. పిట్టలూ మారతాయి. పాటు వేళ బురద బయటపడగానే ఉల్లంకి పిట్టలు దిగి ముక్కులు గుచ్చుకుంటూ పరిగెడతాయి. అందుకే ఇక్కడ నడకకి పొద్దు ఒక్కటే చూసుకుంటే చాలదు, పాటు ఎప్పుడో అడగాలి. వల వేసే ఎవరైనా చెబుతారు, వాళ్ళ పనంతా దాని మీదే.

ఏటి వైపు గట్టు కోసుకుపోయి నిలువుగా ఉంటుంది, పొలం వైపు వాలుగా ఉంటుంది. పొలం వైపు పట్టుకుని నడవాలి. పాటు వేళ బయటపడిన బురదలోకి చేపని చూసి దిగిన పిల్లల్ని పైకి లాగిన సంఘటనలు ఈ ఒడ్డున ప్రతి ఊరూ చెబుతుంది.

ఈసారి వచ్చినప్పుడు బల్లకట్టు ఉన్న రేవులో రెండు గుంజలే మిగిలాయి. ఒకదాని మీద నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటోంది. నీళ్ళు ఇంకా పైకి ఎక్కుతున్నాయి, గుర్రపుడెక్క దుబ్బులు సముద్రం వైపు పోకుండా వెనక్కి, కొల్లేటి వైపు తేలి వస్తున్నాయి. వల భుజాన వేసుకున్న ఒకాయన వాటిని చూసి, ఇంకో గంట పోటేనండీ, అని చెప్పి గుంజ పక్కన కూర్చున్నాడు.